మగ్రిబ్ వేళకు మూసుకునే కన్ను

మా పెద్ద కుమారుడు దమ్మామ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. గత నవంబరులో సెలవుపై వచ్చి, తిరుగు ప్రయాణమయ్యే రోజు ఉదయం మా ఇంటి వసారా మూలన ఒక చిన్న కెమెరా బిగించి వెళ్ళాడు. అది మా కోసం కాదు, మా అమ్మీజాన్ కోసం. ఆమెకు 78 ఏళ్ళు. రెండు కళ్ళకూ శుక్లాల శస్త్రచికిత్స జరిగినా చూపు అంతంతమాత్రమే. మేమూ, మా శ్రీమతీ మద్రసాలోనే బోధిస్తాము. జుహర్ నుండి అసర్ వరకు, మళ్ళీ మగ్రిబ్ నుండి ఇషా వరకు ఇంట్లో అమ్మీజాన్ ఒక్కరే ఉంటారు. "అక్కడి నుండి దాదీమాను ఒక్కసారి చూసుకుంటే నాకు నిద్ర పడుతుంది అబ్బా" అన్నాడు మా అబ్బాయి. కాదనలేకపోయాము.

రాంబిల్లి వంటి ఊళ్ళో ఇంటికి కెమెరా ఏమిటని ఒకప్పుడు నవ్వేవారు. ఇప్పుడు నవ్వేవారు లేరు. ఇల్లు తాళం వేసి ఊరికి వెళ్ళేవారు ముందుగా చెబితే ఆ ఇంట్లో తాత్కాలికంగా కెమెరా అమర్చే ఏర్పాటును ఆంధ్రప్రదేశ్ పోలీసులే చేశారు; దానిని ఎల్‌.హెచ్‌.ఎం.ఎస్‌. అంటారు. మా వీధిలోనే నాలుగైదు ఇళ్ళకు కెమెరాలున్నాయి. మా ఇంట్లో దొంగలు ఎత్తుకుపోవలసినవి కితాబులు తప్ప మరేమీ లేవు. వాటి జోలికి దొంగలు రారు.

కెమెరా పెట్టిన మూడవ రోజున అబ్బాయి నుండి ఫోన్ వచ్చింది. "అబ్బా, కెమెరా ఆఫ్‌లైన్ అని వస్తోంది, రూటర్ ఒకసారి ఆపి పెట్టండి." ఆపి పెట్టాము. కాసేపు వచ్చింది, పోయింది. మర్నాడు ఉదయానికి తనంత తానే చక్కగా పనిచేస్తున్నది. సాయంత్రానికి మళ్ళీ పోయింది. ఇది నిత్యకృత్యమైంది.

అటువంటి సమయంలో సలహాలకు కొదువ ఉండదు. సముద్రం వైపు ఏదో పెద్ద యంత్రం పెట్టారనీ, దాని తరంగాలు మన వైఫైని మింగేస్తున్నాయనీ ఒక పెద్దమనిషి చెప్పారు. ఆ యంత్రం పగలు ఎందుకు మింగదో ఆయన చెప్పలేదు. ఇంటర్నెట్ తీగ చూసే కుర్రవాడు మాత్రం తెలిసినవాడే. మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ ఓపికగా చూశాడు. అతడు చెప్పిన విషయాలు ఏవీ అబద్ధాలు కావు గనుక, మా వలె ఇబ్బంది పడుతున్న ఇళ్ళవారి కోసం ఇక్కడ వ్రాస్తున్నాము.

ఇప్పటి రూటర్లు చాలావరకు రెండు రకాల తరంగాలు పంపుతాయి. 5 గిగాహెర్ట్జ్‌ది వేగం ఎక్కువ, కానీ గోడ అడ్డువస్తే నీరసిస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్‌ది వేగం తక్కువైనా దూరం పోతుంది, గోడలను కాస్త మెరుగ్గా దాటుతుంది. చవక కెమెరాలలో చాలావాటికి ఈ రెండవది తప్ప మొదటిది తెలియదు. రెండింటికీ రూటర్‌లో ఒకే పేరు ఉంటే కెమెరా తికమక పడే అవకాశమున్నది. అందుచేత కుర్రవాడు వాటికి వేర్వేరు పేర్లు పెట్టాడు. ఈ 2.4 దారి ఇరుకైనది. అందులో ఒకదానితో ఒకటి రాసుకోకుండా నడిచే చానెళ్ళు 1, 6, 11 మాత్రమే. ఇరుగుపొరుగు రూటర్లన్నీ ఒకే చానెల్‌పై కూర్చుంటే రద్దీ తప్పదు. మైక్రోవేవ్ పొయ్యి కూడా ఇంచుమించు ఈ తరంగాలతోనే పనిచేస్తుంది గనుక దాని పక్కన రూటర్ ఉంచరాదు. మాది 6వ చానెల్‌పై ఉంటే 11కు మార్చాడు. వెనుక గదిలో, ఇనుప బీరువా పక్కన ఉన్న రూటర్‌ను నడిమి గదిలో ఎత్తుగా పెట్టాడు. కరెంటు పోయి వచ్చినప్పుడు కెమెరా ముందుగా మేల్కొని, రూటర్ ఇంకా లేవకపోవడం చూసి ప్రయత్నం మానుకుంటుందేమోనని రూటర్‌కు ఒక చిన్న బ్యాటరీ పెట్టెను జతచేయించాడు. ఇన్ని చేశాక యాప్‌లో సిగ్నల్ గీతలు నిండుగా కనిపించాయి. చేతులు దులుపుకొని, "ఇక పోదు మాస్టారూ" అన్నాడు.

అప్పుడు సమయం మధ్యాహ్నం పన్నెండు. అతడు వచ్చిన మూడుసార్లూ మధ్యాహ్నమే వచ్చాడన్న సంగతి అప్పట్లో మా బుద్ధికి తట్టలేదు.

డిసెంబరులో ఒక రాత్రి జరిగినది చెప్పాలి. మా శ్రీమతి బంధువుల ఇంటికి యలమంచిలి వెళ్ళింది. మేము ఇషా నమాజు చేయించి మస్జిద్‌లోనే ఎవరితోనో మాట్లాడుతూ కూర్చున్నాము. అమ్మీజాన్ వుజూ చేసుకోవడానికి వసారా మెట్లు దిగుతూ జారిపడ్డారు. లేవలేకపోయారు. ఎంతసేపు పిలిచారో ఆమెకే తెలియదు. పొరుగింటి సోదరి ఆ పిలుపు విని పరుగున వచ్చి, లేవదీసి కూర్చోబెట్టి, తన కొడుకును సైకిల్‌పై మస్జిద్‌కు పంపింది. మేము చేరేసరికి అమ్మీజాన్ చేతిని తన పైటచెంగుతో కట్టి, పక్కనే కూర్చొని ఉన్నది. ఎడమ మణికట్టు ఎముక చిట్లింది. అల్‌హమ్దులిల్లాహ్, తుంటికి ఏమీ కాలేదు. ఆ రాత్రే ఆటోలో తీసుకువెళ్ళి కట్టు కట్టించాము.

అబ్బాయికి చెప్పినప్పుడు వాడు చాలాసేపు మాట్లాడలేదు. ఆ సాయంత్రం కూడా వాడి ఫోన్‌లో ఆఫ్‌లైన్ అని వచ్చిందట. "రోజూ వచ్చేదే కదా అని పక్కన పెట్టేశాను అబ్బా" అన్నాడు. వాడిని ఏమనగలము? కెమెరా పనిచేస్తున్నా ఆ సమయాన వాడు డ్యూటీలో ఉండవచ్చు, చూడకపోవచ్చు. చూసినా దమ్మామ్ నుండి చేయి అందదు. కానీ ప్రతిరోజూ అకారణంగా వచ్చే హెచ్చరిక, కారణం ఉన్న రోజున ఎవరికీ హెచ్చరికగా తోచదు. అసలు కెమెరా లేని రోజులలో మేము ఇషా అయిన వెంటనే ఇంటికి వచ్చేవారము. కెమెరా వచ్చాక మస్జిద్‌లో మరికొంతసేపు కూర్చోవడం అలవాటు చేసుకున్నాము. ఈ మాట వ్రాయడానికి మాకు సులభంగా లేదు.

మర్నాడు ఉదయం కృతజ్ఞత తెలుపుదామని పొరుగింటికి వెళ్ళాము. మా రెండిళ్ళకూ మధ్య నడుమెత్తు గోడ ఉన్నది. దానిపై ఆమె వైపు తాటాకు తడిక ఒకటి కట్టి ఉన్నది. కోళ్ళు దాటకుండా కట్టుకున్నారేమో అనుకుంటూ వచ్చాము. మాటల మధ్యలో దాని ప్రస్తావన తెచ్చాము. ఆమె మొదట చెప్పలేదు. గుచ్చి అడిగిన మీదట, "మీ కన్ను మా నుయ్యి కాడికే సూత్తంది బాబూ. ఆడపిల్లలు నీళ్ళు పోసుకుంటారు కదా. మీతో చెప్పడానికి మొగమాటమేసింది" అన్నది.

ఇంటికి వచ్చి యాప్‌లో చిత్రాన్ని పెద్దది చేసి చూశాము. మా గేటు, మా మెట్లు, మా వేపచెట్టు మాత్రమే కనిపిస్తున్నాయని మేము ఇంతకాలం అనుకున్నాము. చిత్రం ఎడమ అంచున తడిక కనిపించింది. తడిక వెనుక ఉన్నది నూతిగట్టు. తడిక లేని మొదటి పది రోజులలో అక్కడ కనిపించి ఉండవలసినదేమిటో ఊహించడానికి కూడా మనసొప్పలేదు. అబ్బాయి ఎన్నడూ అటు చూసి ఉండడని మాకు తెలుసు. అయితే ఆమెకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

సూరయె నూర్‌లోని అనుమతి ఆయతులను మేము 28 ఏళ్ళుగా బోధిస్తున్నాము. ఇతరుల ఇళ్ళలోకి అడుగుపెట్టే ముందు అనుమతి కోరడమన్నది కాళ్ళ కోసం కాదు, చూపు కోసమేనని హదీసు పాఠంలో వివరిస్తూ ఉంటాము. ఆ సూరాలోనే ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్న విశ్రాంతి వేళ, ఇషా తరువాత - ఈ మూడు ఏకాంత సమయాలలో ఇంట్లోని పిల్లలు సైతం అనుమతి లేకుండా పెద్దల వద్దకు రాకూడదన్న ఆదేశమున్నది. అందుకే కెమెరాను గదిలో కాక వసారాలో పెట్టించామని మా జాగ్రత్తకు మేమే సంతోషించాము. మా గది గురించి ఆలోచించాము, పొరుగువారి నుయ్యి గురించి ఆలోచించలేదు.

ఆ పూటే నిచ్చెన వేసి కెమెరాను గోడ వైపు నుండి మా మెట్ల వైపుకు తిప్పాము. ఇంకా ఒక మూల మిగిలితే, చిత్రంలో కోరిన భాగాన్ని నల్లగా కప్పివేసే సదుపాయం యాప్‌లో ఉన్నదని అబ్బాయి ఫోన్‌లో చెప్పి చేయించాడు. అలా కప్పిన చోటు చూడబోయినా కనిపించదు, రికార్డూ కాదు. పాత రికార్డును మెమరీ కార్డు నుండి తుడిచివేశాము. ఆ సోదరిని పిలిచి ఫోన్ ఆమె చేతికిచ్చి చూపించాము. క్షమించమని అడిగాము. ఆమె ఫోన్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "మామ్మ చెయ్యెలాగుంది?" అని అడిగింది.

కెమెరా జబ్బు మాత్రం అలాగే ఉన్నది.

దాని గుట్టు మొదట పసిగట్టినది అమ్మీజాన్. చేతికట్టుతో రోజంతా వసారా మంచంపైనే కూర్చునేవారు. చూపు తగ్గినవారికి చెవులు చురుకు. ఒకరోజు, "బేటా, నీ కెమెరా మగ్రిబ్ అజాన్ అయ్యాక టిక్కుమంటుంది. ఆ తరువాతే దాని బాధ మొదలు" అన్నారు. మేము నవ్వి ఊరుకున్నాము. రెండవసారి చెప్పినప్పుడు మాత్రం డైరీ తీశాము. అబ్బాయి ఫోన్‌లో పాత హెచ్చరికలన్నీ వేళలతో సహా ఉన్నాయి. వాడిని చదవమని మేము వ్రాసుకున్నాము. దమ్మామ్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనుక గనుక ప్రతిదానికీ ఆ తేడా కలుపుకున్నాము. నవంబరు చివర ఇంచుమించు 5:30కు. జనవరి మధ్యలో ఆరుకు కాస్త ముందు. ఫిబ్రవరి మధ్యకు ఆరు దాటి పది నిమిషాలు. మద్రసా గోడపై నమాజు వేళల పట్టిక వ్రాసేది మేమే. దానితో పోల్చి చూస్తే ఒళ్ళు జలదరించింది. గడియారంతో సంబంధం లేకుండా, సూర్యాస్తమయం ఎంత జరిగితే ఆ కెమెరా బాధ అంత జరుగుతున్నది. మరొక విచిత్రం కూడా బయటపడింది. కొన్ని రాత్రులు అది అసలు పోలేదు. ఆ తేదీలను ఆరా తీస్తే, అతిథులు వచ్చి సాయంత్రమే వసారా బల్బు వేసిన రోజులవి.

ఉసూలె ఫిఖ్హ్‌లో ఒక పాఠం ఉన్నది. ఒక ఆదేశానికి అసలు కారణం ఏదో వెదికే మార్గాలలో ఒకదానిని 'దవరాన్' అంటారు. కారణం ఉన్నప్పుడు ఆదేశం ఉండాలి, కారణం తొలగితే ఆదేశం తొలగాలి. ద్రాక్షరసంలో మత్తు లేనంత కాలం అది ధర్మసమ్మతం. మత్తు రాగానే నిషిద్ధం. అదే సిర్కాగా మారి మత్తు పోతే మళ్ళీ ధర్మసమ్మతం. కనుక నిషేధానికి కారణం మత్తు. ఎన్నో ఏళ్ళు పిల్లలకు నల్లబల్లపై వ్రాసి చెప్పిన ఈ పాఠం ఒక ప్లాస్టిక్ కెమెరా విషయంలో మాకు మూడు నెలలు గుర్తు రాలేదు. ఇక్కడ వచ్చిపోతున్నది చీకటి. అయితే మంచి పరీక్ష ఒకటి మిగిలి ఉన్నది. మధ్యాహ్నం పన్నెండు గంటల ఎండలో నిచ్చెనెక్కి మా తలపైని టోపీ తీసి కెమెరా ముఖంపై బోర్లించాము. క్షణాలలో టిక్కుమన్నది. కొద్దిసేపటికే దమ్మామ్ నుండి, "అబ్బా, కెమెరా పోయింది!" టోపీ తీశాము. మళ్ళీ టిక్కు. కాసేపటికి వచ్చింది. వీధిలో వెళ్ళేవారు ఆగి చూశారు. వారేమనుకున్నారో మాకు తెలియదు.

మన హనఫీ పండితులలో పలువురు దవరాన్ ఒక్కదానినే చాలినంత రుజువుగా అంగీకరించరు. ఒకటి మరొకదానితో కలిసి వచ్చినంత మాత్రాన కారణమే అయి తీరాలని లేదు కదా. చీకటికీ వైఫైకీ ఏమిటి బంధుత్వం? దీనికి జవాబు మా పాత విద్యార్థి ఒకడు చెప్పాడు. మా వద్దే ఖాయిదా మొదలుకొని చదివి, తరువాత ఐ.టి.ఐ. చేసి, ఇప్పుడు అచ్యుతాపురం సెజ్‌లో ఒక కర్మాగారంలో ఎలక్ట్రీషియన్‌గా ఉన్నాడు. ఆదివారం మీటరు పట్టుకొని వచ్చాడు.

చీకటి పడగానే కెమెరా తన చుట్టూ ఉన్న చిన్న దీపాలను వెలిగించుకుంటుంది. వాటి వెలుగు ఎరుపుకు అవతలిది, మన కళ్ళకు ఆననిది. 1800లో విలియం హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త సూర్యకాంతిని రంగులుగా విడదీసి, ఎరుపు దాటిన చోట థర్మామీటరు పెడితే అక్కడా వేడి ఎక్కింది. ఆ కనిపించని వెలుగునే పరారుణం అంటున్నాము. పగలు ఈ వెలుగు రంగులను చెడగొడుతుందని కటకం వెనుక ఒక సన్నని వడపోత పలక ఉంటుంది. రాత్రి కాగానే అది పక్కకు జరుగుతుంది. అమ్మీజాన్ విన్న టిక్కు అదే. దీపాలు వెలగడంతో కెమెరా పగటికి రెట్టింపు పైగా విద్యుత్తు తాగుతుంది. అడాప్టర్ 5 వోల్టులు ఇస్తున్నది. కానీ మా అబ్బాయి ప్రయాణపు తొందరలో, నడిమి గది ప్లగ్గు నుండి వసారా మూల వరకు 5 మీటర్ల సన్నని యు.ఎస్‌.బి. తీగ లాగాడు. సన్నని తీగ తన వాటా తాను తినేస్తుంది. ఎంత ఎక్కువ విద్యుత్తు పారితే అంత ఎక్కువ తింటుంది. మీటరులో పగలు కెమెరా వద్ద నాలుగున్నర వోల్టులు. టోపీ పెట్టగానే నాలుగుకు దిగువ. ఆ నీరసంలో వైఫై విభాగం సొమ్మసిల్లి, కెమెరా ఆగిపోయి మళ్ళీ లేచి, లేవగానే మళ్ళీ దీపాలు వెలిగించుకొని మళ్ళీ పడిపోతున్నది. తెల్లవార్లూ ఇదే తంతు. దానికి తోడు తీగ అతుకు వద్ద తొడుగు విప్పి చూస్తే రాగి పచ్చబడి ఉన్నది. శారదా నది సముద్రంలో కలిసే ప్రాంతం మాది. గాలిలోనే ఉప్పు ఉంటుంది. మా ఊళ్ళో కిటికీ చువ్వల నుండి సైకిల్ గొలుసుల వరకు దేనినీ అది వదలదు.

వైద్యం గంటసేపటి పని. సన్నని తీగను పొడుగ్గా లాగడానికి బదులు, ఇంటి కరెంటునే సరైన తీగతో గొట్టంలో కెమెరా దాకా తెచ్చి, అక్కడే ఒక మూత పెట్టెలో ప్లగ్గు బిగించాడు. అడాప్టర్‌ను అందులో పెట్టి, మీటరు పొడవైన మందపాటి తీగతో కెమెరాకు కలిపాడు. వాన నీరు లోనికి పోకుండా తీగను కిందికి వంచి పైకి తెచ్చాడు. ఈ పని ఇంటివారు స్వయంగా చేయరాదు, ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాలి. టోపీ పెట్టి చూశాము. టిక్కుమన్నది. పోలేదు. రూటర్, చానెల్, బ్యాటరీ పెట్టె అంటూ మేము పెట్టిన ఖర్చు ముందు ఈ ఖర్చు లెక్కలోకే రాదు. కుర్రవాడు చేసినవి వృథా అనలేము. సిగ్నల్ మెరుగుపడిన మాట నిజమే. జబ్బు మాత్రం అది కాదు.

దిగివెళ్ళే ముందు ఆ విద్యార్థి, "ఉస్తాద్, పాస్‌వర్డ్ మార్చారా?" అని అడిగాడు. కంపెనీ పెట్టి పంపిన పాస్‌వర్డే ఉన్నది. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము, యజమానులు మార్చని అటువంటి పాస్‌వర్డుల సాయంతోనే ప్రపంచవ్యాప్తంగా లక్షలాది కెమెరాలను, రూటర్లను వశం చేసుకున్నదట. పొరుగింటి నుయ్యి వైపు తిరిగిన మా కెమెరా ఎవరికి తలుపు తెరిచి ఉన్నదో ఆ పది రోజులు! వెంటనే అక్కడే కూర్చోబెట్టి పొడుగైన పాస్‌వర్డ్ పెట్టించాము. అబ్బాయికి తప్ప మరెవరికీ యాప్‌లో ప్రవేశం లేకుండా చేశాము. ఇషా అయిన వెంటనే ఇంటికి రావడం కూడా మళ్ళీ మొదలుపెట్టాము.

అమ్మీజాన్ కట్టు విప్పారు. వేళ్ళు ఇంకా పూర్తిగా ముడుచుకోవడం లేదు, తస్బీహ్ కుడిచేతితోనే తిప్పుతున్నారు. మగ్రిబ్ తరువాత టిక్కు వినబడగానే కెమెరా వైపు ముఖం తిప్పి మనవడికి సలాం చెబుతారు. వాడు డ్యూటీలో ఉంటే ఆ సలాం రికార్డులో ఉంటుంది, రాత్రి గదికి వెళ్ళాక వింటాడు.

ఇక అవసరం లేదు గనుక తడిక తీసేయవచ్చని పొరుగింటి సోదరితో అన్నాము. తీద్దామనే అనుకున్నదట. ఈలోగా దానిపైకి చిక్కుడు పాదు పాకింది. కాపు అయ్యాక తీస్తానన్నది. మొన్న శుక్రవారం ఆమె కొడుకు గోడ మీదుగా ఒక చేటెడు చిక్కుడుకాయలు అందించి వెళ్ళాడు.